రోజుకు 2 జీబీ నెట్ మీద విండోస్ అప్‌డేట్లు: ఏ పద్ధతి ఎవరికి కుదురుతుంది

2025లో సంక్రాంతి మంగళవారం వచ్చింది. జనవరిలో అది రెండో మంగళవారం, అంటే మైక్రోసాఫ్ట్ నెలవారీ అప్‌డేట్లు వదిలే రోజు. అరిసెల ధ్యాసలో ఆ విషయం నాకు గుర్తే లేదు. మర్నాడు కనుమ పొద్దున్నే ఊళ్లో అరుగు మీద కూర్చుని, ఆఫీసుకి ఒక ఫైలు పంపుదామని ల్యాప్‌టాప్ తీశాను. ఫోన్‌లో చార్జింగ్ 11 శాతం. హాట్‌స్పాట్ పెడితే అదీ పోతుంది, కేబుల్ గుచ్చితే నెట్టూ వస్తుంది చార్జింగూ ఎక్కుతుంది కదా అని యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశాను. టీ తాగి వచ్చేసరికి రోజు డేటాలో 50 శాతం అయిపోయిందని మెసేజ్. ఇంకాసేపటికి 90. ఆ వెనకే వంద. నేను పంపాల్సిన ఫైలు 14 ఎంబీ. కోటా అయిపోయాక మిగిలే 64 కేబీపీఎస్ స్పీడులో అది వెళ్లడానికి అరగంట పట్టింది, ఆ అరగంటా ఆఫీసు నుంచి "పంపావా?" అని ఫోన్లు.

తమాషా ఏంటంటే నా ల్యాప్‌టాప్‌లో మీటర్డ్ కనెక్షన్ అనే సెట్టింగ్, అంటే ఇది కొలిచి వాడే నెట్, అడక్కుండా పెద్దవేవీ దించొద్దు అని విండోస్‌కి చెప్పేది, ఎప్పుడో ఆన్ చేసి పెట్టుకున్నాను. అయినా ఎందుకు మింగేసిందో తెలియడానికి సాయంత్రమైంది. ఆ సంగతి కింద వస్తుంది. దానికంటే ముందు, నన్ను ఎవరు అడిగినా మొదట అడిగే ప్రశ్న ఒకటుంది: రాత్రి రెండింటికి అప్‌డేట్ అయ్యేలా టైమ్ పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, కానీ ఆ టైమ్ మీరనుకునే పనికి కాదు. సెట్టింగ్స్‌లో యాక్టివ్ అవర్స్ అని ఉంటుంది. ఉదయం 9 నుంచి రాత్రి 11 వరకు అని పెడితే ఆ వేళల్లో కంప్యూటర్ తనంతట తాను రీస్టార్ట్ అవ్వదు. గరిష్ఠంగా 18 గంటలు పెట్టుకోవచ్చు. దాని పని అంతవరకే. డౌన్‌లోడ్‌కీ దానికీ సంబంధం లేదు, మీరు మీటింగ్‌లో ఉన్నా, పిల్లాడు ఆన్‌లైన్ క్లాసు వింటున్నా వెనకాల డౌన్‌లోడ్ దాని మానాన అది నడుస్తూనే ఉంటుంది. విండోస్ ప్రో ఉన్నవాళ్లకి గ్రూప్ పాలసీ అనే లోతైన సెట్టింగుల పేజీలో "ఫలానా వారం, తెల్లవారుజామున 3 గంటలకి" అని పెట్టుకునే వీలుంది, చాలామంది దాన్ని చూసి మురిసిపోతారు, కానీ అదీ ఇన్‌స్టాల్ చేసే టైమే. అప్పటికే డౌన్‌లోడ్ అయిపోయి ఉంటుంది, మీ కోటా కూడా.

కాబట్టి డేటా కొలుచుకుని వాడే ఇంట్లో ఏ టైముకి అనే దానికంటే ఏ నెట్ మీద అనేది ముందు తేల్చుకోవాలి. విండోస్‌కి గడియారం చూపిస్తే ఆగదు, కనెక్షన్ చూపిస్తే ఆగుతుంది.

ఫైబర్ ఉన్నవాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు. చాలా హోమ్ ఫైబర్ ప్లాన్లలో నెలకు 3,300 జీబీ ఇస్తున్నారు, అందులో విండోస్ అప్‌డేట్లు లెక్కలోకే రావు. మిగతా మనందరి కోసం మిగతాది.

అసలు ఎంత తింటుంది

విండోస్ 11లో నెలవారీ అప్‌డేట్ ఒక్కోసారి కొన్ని వందల ఎంబీలతో సరిపెడుతుంది, ఒక్కోసారి జీబీ దాటుతుంది. దానితోపాటు డాట్ నెట్ (చాలా ప్రోగ్రాములు నడవడానికి కావాల్సిన మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) అప్‌డేట్, డ్రైవర్లు, స్టోర్ యాప్‌లు, ఎడ్జ్, ఆఫీస్ ఉంటే ఆఫీస్, ఇవన్నీ తోడు పెళ్లికూతుళ్లలా వెంట వస్తాయి. వారం పది రోజులు మూసిపెట్టిన ల్యాప్‌టాప్ తెరిస్తే అన్నీ ఒకేసారి మీద పడతాయి, నా కనుమ కథలో జరిగింది అదే. ఇక కొత్త వెర్షన్‌కి పూర్తిగా మారడమంటే ఐదారు జీబీల వ్యవహారం, అది రోజువారీ కోటాలో చేసే పనే కాదు.

ఒక మంచి విషయం కూడా ఉంది. నెలవారీ అప్‌డేట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. పోయిన నెలది వదిలేసినా ఈ నెలదాంట్లో అదీ ఉంటుంది, కరెంటు బిల్లులా బకాయి పేరుకుపోదు. అందుకని రెండు వారాలు ఆగినంత మాత్రాన డేటా రెట్టింపు ఖర్చవుతుందని టెన్షన్ పడక్కర్లేదు. అలాగని నెలల తరబడి వదిలేయమని కాదు. అందులో వచ్చేవి ఎక్కువగా సెక్యూరిటీ మరమ్మతులే, బ్యాంకు పనులు కూడా అదే ల్యాప్‌టాప్ మీద చేస్తాం కదా.

కోటా అయిపోయాక "ఏముందిలే, నెమ్మదిగా అవుతుంది" అనుకునేవాళ్లకి ఒక లెక్క: 64 కేబీపీఎస్ మీద ఒక జీబీ దిగడానికి దాదాపు 35 గంటలు.

మీటర్డ్ కనెక్షన్, పాజ్, స్పీడు పరిమితి

ఈ మూడింటిలో నా ఓటు మీటర్డ్‌కే. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో వైఫై, మీరు కనెక్ట్ అయిన నెట్‌వర్క్ ప్రాపర్టీస్, అక్కడ మీటర్డ్ కనెక్షన్ ఆన్. అలాగే విండోస్ అప్‌డేట్ పేజీలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, మీటర్డ్ కనెక్షన్ మీద కూడా అప్‌డేట్లు డౌన్‌లోడ్ చేయాలా అనే స్విచ్ ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి, అది ఆన్‌లో ఉంటే మొదటిదాని వల్ల ఏమీ ఉపయోగం లేదు. ఈ రెండూ సరిగ్గా ఉంటే పెద్ద అప్‌డేట్లు వాటంతట అవి దిగవు. మరీ అత్యవసరమైనవి ఏవైనా ఉంటే రావచ్చని మైక్రోసాఫ్ట్ వాళ్లే చెప్తారు, అది మన చేతిలో లేదు. వన్‌డ్రైవ్ సింక్ ఆగిపోతుంది, స్టోర్ యాప్‌లు ఆగిపోతాయి, వాటిని చూసి నెట్ పాడైందని కంగారు పడొద్దు.

ఇప్పుడు నేను ఎక్కడ దెబ్బతిన్నానో చెప్తాను. ఈ మీటర్డ్ అనేది కంప్యూటర్ మొత్తానికి ఉండే సెట్టింగ్ కాదు. ఒక్కో కనెక్షన్‌కి విడివిడిగా ఉంటుంది. నా ఫోన్ వైఫై హాట్‌స్పాట్‌కి పెట్టాను, బాగానే ఉంది. కానీ అదే ఫోన్‌ని కేబుల్‌తో కలిపితే విండోస్ దాన్ని ఫోన్ అనుకోదు, ఈథర్‌నెట్ అనుకుంటుంది, అంటే గోడలోంచి వచ్చే వైరు నెట్ అన్నమాట. వైరు నెట్ అంటే దాని దృష్టిలో ఎంత వాడినా తరగని చెరువు. ఫోన్ కేబుల్‌తో కలిపి ఉన్నప్పుడే ఈథర్‌నెట్ పేజీకి వెళ్లి అక్కడ కూడా మీటర్డ్ ఆన్ చేసుకోవాలి. వేరే ఫోన్ గుచ్చితే అది ఈథర్‌నెట్ 2 అనో 3 అనో కొత్త పేరుతో వస్తుంది, దానికి మళ్లీ చేయాలి. తప్పు నాదే, ఒక్క చోట పెట్టి అన్నిచోట్లా పెట్టేశాననుకున్నాను.

హాట్‌స్పాట్‌ల విషయంలోనూ ఇదే చిక్కు. నాన్న ఫోన్‌కి మారితే, కొత్త ఫోన్ కొంటే, హాట్‌స్పాట్ పేరు మారుతుంది, మీటర్డ్ పోతుంది. దీనికి నేను కనిపెట్టిన మందు, ఇంట్లో ఉన్న ఫోన్లన్నింటికీ ఒకే హాట్‌స్పాట్ పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టేయడం. ల్యాప్‌టాప్‌కి అది ఏ ఫోనో తెలియదు, పేరు చూసి పాత సెట్టింగే వాడుకుంటుంది.

పాజ్ అప్‌డేట్స్ ఇంకో రకం. విండోస్ 11లో ఐదు వారాల వరకు ఆపుకోవచ్చు. పరీక్షలప్పుడో, ఊరెళ్లినప్పుడో, ఆఫీసులో ఊపిరాడని నెలాఖరులోనో పనికొస్తుంది. కానీ దీన్నే నమ్ముకుంటే ప్రమాదం ఉంది, గడువు తీరిన రోజున మీరు ఏ నెట్ మీద ఉంటే ఆ నెట్ మీదే మొదలుపెడుతుంది, పైగా గరిష్ఠ గడువు వాడేసుకుంటే అప్‌డేట్లు వేసుకునేదాకా మళ్లీ పాజ్ చేయనివ్వదు. మీటర్డ్ పెట్టుకుని దాని మీద పాజ్ వాడితే సరే, పాజ్ ఒక్కటే వాడితే మాత్రం వాయిదా వేసిన తలనొప్పే.

స్పీడు పరిమితి గురించి చాలామందికి భ్రమ ఉంది. విండోస్ అప్‌డేట్ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ఉండే డెలివరీ ఆప్టిమైజేషన్ పేజీలో అప్‌డేట్ డౌన్‌లోడ్ ఇన్ని ఎంబీపీఎస్ దాటకూడదని పెట్టొచ్చు. ఇది వీడియో కాల్ ఆగకుండా చూస్తుంది తప్ప డేటా ఆదా చేయదు. అర ఎంబీపీఎస్ అని పిసినారిగా పెట్టినా ఎనిమిది గంటల ఆఫీసు రోజులో 1.8 జీబీ లాగేస్తుంది, రోజు కోటా చాలావరకు అయినట్టే. గంటలో పోయేది సాయంత్రానికి పోతుంది, అంతే తేడా. అయితే ఆ పేజీకి వెళ్లినప్పుడు ఒక పని చేయండి, ఇతర కంప్యూటర్లతో పంచుకోవడం దగ్గర ఇంటర్నెట్‌లో ఉన్న కంప్యూటర్లు అని ఉంటే తీసేసి, మన లోకల్ నెట్‌వర్క్‌లోవి మాత్రమే అని మార్చండి. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లకి మన డేటాతో అప్‌డేట్లు పంచడమెందుకు.

డేటా యూసేజ్ పేజీలో లిమిట్ పెట్టుకునే వీలు కూడా ఉంది. నేను దాన్ని లిమిట్ కోసం కాదు, ఏ యాప్ ఎంత తిన్నదో చూడ్డానికి వాడతాను. ఆ కనుమ సాయంత్రం దొంగ దొరికింది అక్కడే.

ఆపడం సరే, మరి వేసుకునేది ఎప్పుడు

ఇది మీ ప్లాన్‌ని బట్టి ఉంటుంది.

రోజుకు 1.5 లేదా 2 జీబీ వచ్చే మామూలు ప్లాన్ అయితే అర్ధరాత్రి దాటే పద్ధతే బెస్టు. రోజు కోటా రాత్రి 12కి కొత్తగా మొదలవుతుంది, ఆ రోజు మిగిలింది ఎటూ గాలికి పోయేదే. రాత్రి 11కి ఫోన్‌లో ఎంత మిగిలిందో చూసుకోండి. జీబీ మిగిలితే అప్పుడు ల్యాప్‌టాప్ తీసి విండోస్ అప్‌డేట్ పేజీలో చెక్ చేయండి. మీటర్డ్ ఆఫ్ చేయాల్సిన పనే లేదు, అప్‌డేట్ ఉంది, డౌన్‌లోడ్ చేయమంటారా అని బటన్ చూపిస్తుంది, నొక్కితే అదొక్కటే దిగుతుంది, వన్‌డ్రైవూ స్టోరూ సందట్లో సడేమియాలా దూరవు. 12 దాటితే పాత మిగులు పోయి కొత్త కోటా అందుకుంటుంది. అలా ఒక రాత్రిలో రెండు రోజుల డేటా వాడుకోవచ్చు. మధ్యలో నెట్ పోయినా పర్వాలేదు, చాలావరకు ఆగిన చోటునుంచే అందుకుంటుంది. మర్నాడు పొద్దున ముఖ్యమైన పని ఉంటే మాత్రం ఈ పని పెట్టుకోకండి.

ఏ రాత్రి? అప్‌డేట్లు అమెరికా పసిఫిక్ టైమ్ ప్రకారం ఉదయం 10కి వస్తాయి, మనకి అది వేసవిలో మంగళవారం రాత్రి 10:30, చలికాలంలో 11:30. ఆ రాత్రే వేసుకోవాలని తొందరేం లేదు. నేను ఆ వారం శనివారం రాత్రి వేస్తాను. ఈలోగా ఆ అప్‌డేట్‌లో ఏదైనా తేడా ఉంటే ఎక్కడో ఒకచోట గోల మొదలవుతుంది, మనకి తెలుస్తుంది, పైగా మర్నాడు ఆదివారం.

రాత్రి డేటా ఉచితంగా వచ్చే ప్లాన్ అయితే లెక్క మారుతుంది. వీఐ వాళ్ల కొన్ని ప్లాన్లలో రాత్రి 12 నుంచి ఉదయం 6 వరకు వాడింది రోజు కోటాలోంచి తీయరు. మీ ప్లాన్‌లో ఉందో లేదో యాప్‌లో చూసుకోండి. ఇలాంటివాళ్లు మాత్రమే నిజంగా టైమ్ పెట్టుకోవడం గురించి ఆలోచించాలి. దీనికి విండోస్‌లో తిన్నగా సెట్టింగ్ లేదు కానీ దొడ్డిదారి ఉంది. చెప్పిన వేళకి పనులు నడిపే టాస్క్ షెడ్యూలర్‌లో రెండు పనులు పెట్టుకోవాలి: 12:10కి మీ హాట్‌స్పాట్ ప్రొఫైల్ కాస్ట్‌ని (ఆ నెట్ మీటర్డా కాదా అని విండోస్ రాసుకునేది) అన్‌రిస్ట్రిక్టెడ్ చేసే నెట్‌ష్ (netsh, విండోస్‌లో నెట్‌వర్క్ సెట్టింగులు మార్చే కమాండ్) ఒకటి, 5:40కి తిరిగి ఫిక్స్‌డ్ చేసేది ఒకటి. అంటే రాత్రిపూట మీటర్డ్ తీసేసి పొద్దున్నే మళ్లీ పెట్టేస్తుంది. వినడానికి బాగుంది, పని కూడా చేస్తుంది, కానీ దీనికి ల్యాప్‌టాప్ నిద్రపోకూడదు, చార్జర్ పెట్టి ఉండాలి, ఫోన్ కూడా చార్జింగ్‌లో ఉండాలి, ల్యాప్‌టాప్ ఒక్క నిమిషం స్లీప్‌లోకి వెళ్లినా కొన్ని ఫోన్లలో ఎవరూ కనెక్ట్ అయి లేరని హాట్‌స్పాట్ దానంతట అదే ఆగిపోతుంది. ఆ ఆటో ఆఫ్ అనేదాన్ని ఫోన్ హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో తీసేయాలి. కమాండ్లంటే చిరాకు ఉన్నవాళ్లు ఇంత తతంగం పెట్టుకోకుండా 12 దాటాక డౌన్‌లోడ్ నొక్కి పడుకోవడం నయం.

అన్‌లిమిటెడ్ 5జీ ఉందని ధీమాగా ఉన్నవాళ్లు ఒక్క విషయం గమనించండి. 5జీ సిగ్నల్ మీద ఉన్నంతసేపే అది అన్‌లిమిటెడ్. లోపలి గదిలోకి వెళ్తే ఫోన్ చప్పుడు చేయకుండా 4జీకి దిగుతుంది, అక్కడినుంచి ఖర్చయ్యేది రోజు కోటా. ఫోన్‌ని కిటికీ గట్టు మీద పెట్టి, పైన 5జీ అని కనిపిస్తోందో లేదో చూసి మొదలుపెట్టండి. హాట్‌స్పాట్‌కి మీటర్డ్ అలాగే ఉంచండి, డౌన్‌లోడ్ మాత్రం మీరు నొక్కండి.

వేరే చోట నుంచి మోసుకురావడం

కొత్త వెర్షన్‌కి మారాలన్నా, పాత కంప్యూటర్‌కి విండోస్ కొత్తగా వేయాలన్నా ఫైబర్ ఉన్న చుట్టాలింటికి వెళ్లడం తప్ప గతిలేదు. ల్యాప్‌టాప్ అయితే దాన్నే తీసుకెళ్లండి, ఆ వైఫైకి మీటర్డ్ పెట్టకండి, రెండు గంటలు వదిలేయండి, రీస్టార్ట్ కూడా అక్కడే చేయించుకుని రండి. డెస్క్‌టాప్ అయితే 8 జీబీ పెన్‌డ్రైవ్, దానిలోకి విండోస్‌ని ఎక్కించే మైక్రోసాఫ్ట్ వాళ్ల మీడియా క్రియేషన్ టూల్. ఇంటికొచ్చి పెన్‌డ్రైవ్‌లో సెటప్ నొక్కాక, సెటప్ అప్‌డేట్లు ఎలా డౌన్‌లోడ్ చేసుకోవాలో మార్చే చిన్న లింకు ఉంటుంది, దాన్ని నొక్కి ఇప్పుడొద్దు అనండి. లేకపోతే అంత కష్టపడి మోసుకొచ్చాక కూడా మళ్లీ మన డేటాతో డౌన్‌లోడ్ మొదలెడుతుంది.

నెలవారీ అప్‌డేట్‌ని కూడా మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్ సైట్‌లోంచి ఫైలుగా దించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవచ్చు. కాకపోతే అక్కడ దొరికేది పూర్తి ప్యాకేజీ, విండోస్ తనకి అవసరమైన ముక్కలు మాత్రమే తెచ్చుకునేదానికంటే చాలా పెద్దది. ఒక్క కంప్యూటర్ కోసం ఫోన్ డేటా మీద దాన్ని దించడం నష్టం. ఊరికే దొరికే నెట్ మీదైతేనే, లేదా నాలుగైదు కంప్యూటర్లకి ఒకేసారి వేయాలంటేనే లాభం.

జిరాక్సు షాపులు, డీటీపీ సెంటర్ల వాళ్లకి ఇంకా తేలికైన దారి ఉంది. మూడు కంప్యూటర్లూ ఒకే రూటర్ మీద ఉంటే ఇందాక చెప్పిన లోకల్ నెట్‌వర్క్ పంపకం ఆన్ చేసుకోండి. మొదట ఒక కంప్యూటర్‌కి పూర్తిగా వేసి, దాన్ని ఆన్‌లోనే ఉంచి, తర్వాత రెండోది మొదలుపెట్టండి. రెండోది చాలావరకు పక్కదాని దగ్గరే తెచ్చుకుంటుంది. ఆ కాసేపు వాటిలో మీటర్డ్ ఆఫ్‌లో ఉండాలి, లేకపోతే ఈ పంపకం జరగదు.

విండోస్ కాకపోతే

ఉబుంటు వాడేవాళ్లు కాస్త అదృష్టవంతులు. స్నాప్‌లు (ఉబుంటులో యాప్‌లు వచ్చే ఒక రకం ప్యాకేజీలు) ఏ వేళలో రిఫ్రెష్ కావాలో నిజంగానే టైమ్ పెట్టుకోవచ్చు, మీటర్డ్ నెట్ మీద ఆగమని కూడా చెప్పొచ్చు. మాక్‌లో వెంచురా అనే వెర్షన్ నుంచి వైఫైకి లో డేటా మోడ్ ఉంది, అది ఆన్ చేసి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో కొత్తవి వాటంతట అవి డౌన్‌లోడ్ అవ్వడాన్ని ఆఫ్ చేస్తే చాలు. గేమ్‌లు ఆడేవాళ్లు స్టీమ్‌లో డౌన్‌లోడ్స్ సెట్టింగ్‌కి వెళ్లి ఆటో అప్‌డేట్ వేళలు పెట్టుకోండి, ఒక్క గేమ్ అప్‌డేట్ ముందు విండోస్ అప్‌డేట్ పిల్లకాకి.

విండోస్ 10లోనే ఉండిపోయి "నాకు ఈ మధ్య అప్‌డేట్లే రావట్లేదు, డేటా మిగులుతోంది" అని సంబరపడేవాళ్లు కనిపిస్తున్నారు. దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకంలో చేరినవాళ్లకి మాత్రం మరో ఏడాది వస్తాయి. మిషన్ విండోస్ 11కి సరిపోతే పైన చెప్పిన పెన్‌డ్రైవ్ దారి చూసుకోండి.

మీటర్డ్ పెట్టుకున్నాక ఒకటి మర్చిపోవద్దు. వైరస్‌లని పట్టే డిఫెండర్ జాబితా కూడా వెనకబడొచ్చు. రెండు మూడు రోజులకోసారి విండోస్ సెక్యూరిటీలోకి వెళ్లి చెక్ ఫర్ అప్‌డేట్స్ నొక్కండి. తరచూ చేస్తే చిన్న ముక్కలతో పోతుంది, నెలల తరబడి వదిలేస్తే మొత్తం జాబితా దిగాలి, అది 100 ఎంబీ పైమాటే.

అమ్మానాన్నల ల్యాప్‌టాప్‌ని దూరం నుంచి చూసుకునేవాళ్లు, హైదరాబాద్‌లో ఉన్నా డాలస్‌లో ఉన్నా, వాళ్లకి ఫోన్‌లో సెట్టింగ్స్ వివరించే సాహసం చేయకండి. ఊరెళ్లినప్పుడే వైఫైకీ, కేబుల్‌కీ రెండింటికీ మీటర్డ్ పెట్టి, అప్‌డేట్లు మీరే వేసి రండి. నేనిప్పుడు అదే చేస్తున్నాను. మా ఇంట్లో గోడ క్యాలెండర్ మీద ప్రతి నెలా రెండో మంగళవారం చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రం గీసిపెట్టాను, ఆ రోజు నుంచి శనివారం దాకా ఫోన్‌కి కేబుల్ గుచ్చొద్దని. అమ్మ దాన్ని చూసి గ్యాస్ బుక్ చేసిన తారీఖు అనుకుని, బండ ఇంకా రాలేదేమని రెండుసార్లు ఏజెన్సీకి ఫోన్ చేసింది.